మానవీయ శాస్త్రాల అధ్యాపకులకు విశ్వవిద్యాలయ అంతర్గత గ్రాంట్లు: తిరస్కరించిన ప్రతిపాదనను ఎలా తిరగరాయాలి?

పాతప్రతులు

అందరికీ నమస్కారం. నేను సాహిత్య విభాగంలో అధ్యాపకుణ్ని. మా విశ్వవిద్యాలయం ఏటా తన సొంత నిధుల్లోంచి అధ్యాపకులకు చిన్న పరిశోధన గ్రాంట్లు ఇస్తుంది. ఈసారి నేనూ దరఖాస్తు చేశాను. నిన్న తిరస్కరణ ఉత్తరం వచ్చింది. కారణాలు రెండే రాశారు: "ఆశించిన ఫలితాలు కొలవదగినవిగా లేవు. పరికరాల అవసరం పెద్దగా లేనందున నిధులు ఎందుకో స్పష్టం కాలేదు."

నా పని ఇది. ఊరూరా తిరిగి ఆడిన ఒక నాటక సమాజం తాలూకు ప్రాంప్టరు (తెర పక్క నుంచి నటులకు మాటలు అందించే మనిషి) పుస్తకాలు 38, ఒక కుటుంబం దగ్గర రెండు రేకు పెట్టెల్లో ఉన్నాయి. మూడు వేర్వేరు దస్తూరీలు కనిపిస్తాయి. మాటలు నల్ల సిరాతో, కోతలు ఎర్ర పెన్సిలుతో. కొన్ని పేజీలకు చిన్న కాగితం ముక్కలు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. ఆ సూదులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తున్నాయి. అచ్చయిన నాటకంలో రెండు పేజీలు సాగే నాయకుడి ప్రసంగం ఒక పుస్తకంలో నాలుగు వాక్యాలకు కుదించి, పక్కన తేదీ వేసి ఉంది. నాటకం వేదిక మీద రాత్రి రాత్రికీ ఎలా మారిందో చెప్పే సాక్ష్యం ఇంతకంటే దగ్గరగా ఇంకెక్కడ దొరుకుతుంది?

నేను అడిగింది ఒక సెమిస్టరులో ఒక తరగతి తగ్గింపు, ఇద్దరు విద్యార్థి సహాయకులు, ఒక కెమెరా స్టాండు, ఆమ్లరహిత కాగితపు ఫోల్డర్లు. వచ్చే విడతకు మళ్లీ పెట్టాలనుకుంటున్నాను. ఎక్కడ తప్పు చేశానో, ఏం మార్చాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

నీలిసిరా

చదువుతుంటే బాధ కలిగింది. నాది చరిత్ర విభాగం. నాకు రెండుసార్లు తిరస్కరణ, ఒకసారి మంజూరు. ఆ రెండో వాక్యం ఉందే, అది చాలా విశ్వవిద్యాలయాల్లో పాతుకుపోయిన అపోహ. పరికరం కొంటేనే పరిశోధన అనుకుంటారు. మన పనిలో అతి ఖరీదైన వస్తువు సమయం. దానికి కొటేషన్ తెచ్చి జతచేయలేం కాబట్టి కమిటీ కంటికి అది కనిపించదు.

తీరిక దొరికాక ఇంకొంచెం రాస్తాను.

రెండోవరుస

పాతప్రతులు గారూ, నేను రెండు విడతలు ఇలాంటి కమిటీలో కూర్చున్నాను. ఆ గదిలో ఏం జరుగుతుందో చెబితే మీకు ఉపయోగపడవచ్చు.

ఒక మధ్యాహ్నంలో నలభై దరఖాస్తులు చూడాలి. ఒక్కోదానికి పది నిమిషాలు దొరికితే గొప్ప. బల్ల చుట్టూ ఉన్నవారిలో మీ రంగం తెలిసినవారు ఒకరు, మహా అయితే ఇద్దరు. మిగతావారు రసాయన శాస్త్రం, వాణిజ్యం, ఇంజినీరింగు. వారిలో ఎవరికీ మీ మీద శత్రుత్వం లేదు. కానీ మొదటి పేరాలో వారికి పట్టు దొరకకపోతే తర్వాతి పేజీలు తిప్పడమే తప్ప చదవడం ఉండదు. సాహిత్య ప్రతిపాదనలు ఎక్కువగా రంగం చరిత్రతో మొదలవుతాయి. ఫలానా సిద్ధాంతకర్త ఏమన్నాడు, ఆ తర్వాత వచ్చినవారు ఎలా ఖండించారు, అంటూ ఒకటిన్నర పేజీ నడుస్తుంది. అసలు రేకు పెట్టె మూడో పేజీలో గాని తెరుచుకోదు. మీరు ఇక్కడ రాసిన రెండో పేరా మీ దరఖాస్తులో ఎన్నో పేజీలో ఉంది?

"కొలవదగిన ఫలితాలు" అనే మాటకు భయపడకండి. కమిటీ అడిగేది తేలికైన సంగతే: ఏడాది చివర మీ బల్ల మీద ఏ వస్తువులు ఉంటాయి? ముప్పై ఎనిమిది పుస్తకాల ఛాయాచిత్రాలు, ఒక వివరణాత్మక సూచిక, ఒక వ్యాసం చిత్తు ప్రతి, బయటి సంస్థకు పెట్టబోయే పెద్ద దరఖాస్తు. ఇవి లెక్కకు వస్తాయి. "నాటక ప్రదర్శన గురించిన అవగాహన విస్తరిస్తుంది" అన్నది నిజమే కావచ్చు, కానీ ఏడాది తర్వాత అది జరిగిందో లేదో ఎవరూ చూసి చెప్పలేరు.

పాతప్రతులు

నాలుగో పేజీలో ఉందండీ. మొదటి మూడు పేజీలూ మీరన్నట్టే సిద్ధాంత చర్చ.

ప్రయోగశాల_మిత్రుడు

నాది భౌతిక శాస్త్రం. మా దగ్గర ఇలాంటి కమిటీలో ప్రస్తుతం సభ్యుణ్ని కూడా. ఒక ప్రశ్న అడుగుతాను, తక్కువ చేసి అడుగుతున్నానని అనుకోవద్దు. నా విద్యార్థికి డిటెక్టరు లేకపోతే పని ఆగిపోతుంది. అది నాకు కళ్లకు కడుతుంది. పుస్తకం చదవడానికి, రాయడానికి డబ్బు లేకపోతే ఏది ఆగిపోతుందో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఎలాగూ జీతం వస్తోంది, గ్రంథాలయం ఉంది కదా అని మాలో చాలామంది అనుకుంటాం. నిజంగా తెలుసుకోవాలని ఉంది.

నీలిసిరా

ఈ ప్రశ్న నేరుగా అడిగినందుకు ధన్యవాదాలు. దీనికి జవాబుగా ఒక మనిషి కథ చెబుతాను.

ఆలిస్ కోబర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీలో లాటిన్, గ్రీకు బోధించేవారు. గ్రీకు ద్వీపం క్రీటులో దొరికిన లీనియర్ బి అనే ప్రాచీన లిపిని అప్పటికి ఎవరూ చదవలేకపోయారు. తరగతులు ముగించుకుని, సమాధాన పత్రాలు దిద్దుకుని, రాత్రిళ్లు ఆవిడ ఆ లిపి మీద పనిచేసేవారు. యుద్ధకాలంలో కాగితం కరవు. దొరికిన ప్రతి ముక్కనూ కత్తిరించి చేతితో కార్డులు చేసుకున్నారు. అలా చేసినవి సుమారు 1,80,000. వాటిని సిగరెట్ల డబ్బాల్లో వరుసగా సర్దుకున్నారు. ఏ గుర్తు పక్కన ఏ గుర్తు ఎన్నిసార్లు వస్తుందో ఆ కార్డుల మీద లెక్కించారు. 1946లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. యంత్రం కోసం కాదు, ఒక్క ఏడాది తరగతుల నుంచి విడుదల కోసం. ఆవిడ 1950లో చనిపోయారు. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపిని ఛేదించినప్పుడు ఆయన నిలబడ్డ నేలలో చాలా భాగం కోబర్ చదును చేసిందే.

ఆవిడ డిటెక్టరు ఆ కార్డులు. అది పనిచేయడానికి కావలసిన విద్యుత్తు తీరిక. వారానికి నాలుగు తరగతులు, వాటి మూల్యాంకనం, విభాగం పనులు పోగా నాకు మిగిలేవి ఆదివారం మధ్యాహ్నాలు. ఒక దస్తూరికి కన్ను అలవాటు పడటానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. మధ్యలో వారం విరామం వస్తే ఆ అలవాటు పోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. డబ్బు లేకపోతే ఆగిపోయేది అదేనండీ, ఆ కొనసాగింపు.

ప్రయోగశాల_మిత్రుడు

కన్ను అలవాటు పడటం అన్న మాట నాకు బాగా అర్థమైంది. మా దగ్గర కూడా పరికరాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే సరిచూసుకోవడానికే రెండు రోజులు పోతాయి. ఈ పోలిక ఎవరైనా ప్రతిపాదనలో రాసి ఉంటే కిందటేడు ఒక దరఖాస్తుకు నేను వేరే మార్కులు వేసి ఉండేవాణ్ని.

పద్దుపుస్తకం

నేను అధ్యాపకుణ్ని కాదు. ఒక విశ్వవిద్యాలయం ఆర్థిక విభాగంలో పరిశోధన ఖాతాలు చూస్తాను. మీ ప్రతిపాదనలు మంజూరయ్యాక నా బల్ల మీదికే వస్తాయి. కొన్ని విషయాలు ముందే తెలిస్తే మీకు ఎంతో బాధ తప్పుతుంది.

తరగతి తగ్గింపు అడిగేటప్పుడు "నా సమయం" అని పద్దు రాయకండి. జీతం తీసుకునే అధ్యాపకుడికి అదే పనికి మళ్లీ డబ్బు ఇవ్వడానికి నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు. ఆ డబ్బు విభాగానికి వెళ్లాలి, మీ తరగతి చెప్పే మరొకరికి గౌరవ వేతనంగా. కాబట్టి ఆ తరగతి ఎవరు చెబుతారో, ఎన్ని గంటలో, విభాగాధిపతి సమ్మతి ఉందో లేదో ఒక ఉత్తరం జతచేయండి. ఆ ఉత్తరం లేని దరఖాస్తుల్లో కమిటీ ముందుగా కొట్టేసేది ఆ పద్దునే.

మంజూరు ఉత్తరం తేదీకి ముందు కొన్నవాటికి డబ్బు రాదు. ఉత్సాహంతో ముందే కెమెరా స్టాండు కొనుక్కుని బిల్లు పట్టుకుని వచ్చినవారిని ఖాళీ చేతులతో పంపడం నాకూ కష్టంగానే ఉంటుంది. గ్రాంటుతో కొన్న సామాను మీది కాదు, విశ్వవిద్యాలయానిది. దాన్ని సామాను రిజిస్టరులో ఎక్కించాలి. ఒక పద్దులోంచి ఇంకో పద్దుకు డబ్బు మార్చాలంటే ఖర్చు పెట్టకముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. గడువు నాటికి ఖర్చు కానిది తిరిగి మూలనిధిలో కలుస్తుంది. విద్యార్థి సహాయకులకు హాజరు పట్టీ రోజూ రాయించండి. ఏడాది చివర కూర్చుని ఆరు నెలల హాజరు ఒకేసారి రాయిస్తే ఆడిట్‌లో దొరికిపోతుంది, అప్పుడు వినియోగ ధ్రువపత్రం ఆగిపోతుంది. అది ఆగితే ఆ అధ్యాపకుడు తర్వాతి విడతకు దరఖాస్తు చేయడానికి అర్హత కోల్పోతారు. మంచి పరిశోధకులు ఇలా రెండేళ్లు పోగొట్టుకోవడం చూశాను.

ఇంకో సంగతి. బయటి గ్రాంట్లలో నిర్వహణ ఖర్చుల కింద సంస్థకు చెందే ఓవర్‌హెడ్ శాతం ఉంటుంది. అంతర్గత గ్రాంటులో మామూలుగా అది ఉండదు, ఇచ్చిన మొత్తం పనికే వెళ్తుంది. చిన్న మొత్తమని చులకన చేయకండి.

మాటలమూట

నేను భాషాశాస్త్రం. క్షేత్రంలో మౌఖిక కథలు రికార్డు చేస్తాను. పాతప్రతులు గారి దరఖాస్తులో డబ్బు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ రెండు పెట్టెలు. అవి ఒక కుటుంబానివి. వారి అనుమతి రాతపూర్వకంగా ఉందా? ఛాయాచిత్రాలు ఎవరివి? అంతర్జాలంలో పెట్టవచ్చా? పుస్తకాల్లో బతికున్నవారి గురించి ఇబ్బందికరమైన రాతలు ఏవైనా ఉంటే ఏం చేస్తారు? నైతికత కమిటీ ఈ ప్రశ్నలన్నీ అడుగుతుంది. గ్రాంటు వచ్చాక అడిగితే మూడు నెలలు వృథా.

అసలు ప్రతులను విశ్వవిద్యాలయానికి తరలించకండి. బ్రిటిష్ లైబ్రరీ 2004లో మొదలుపెట్టిన ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ పద్ధతి ఇక్కడ చూడదగ్గది. అసలు కాగితాలు పుట్టిన చోటే ఉంటాయి, డిజిటల్ ప్రతులే ప్రయాణిస్తాయి. పెద్ద ప్రాజెక్టుకు ముందు, సేకరణలో ఏముంది, ఏ స్థితిలో ఉంది అని తేల్చే పైలట్ ప్రాజెక్టుకు కూడా వారు విడిగా నిధులిస్తారు. మీ అంతర్గత గ్రాంటును సరిగ్గా ఆ పైలట్ లాగా చూపించవచ్చు.

చేతి తొడుగుల గురించి కూడా ఒక మాట. పాత కాగితం అనగానే నూలు తొడుగులు బడ్జెట్‌లో రాస్తారు. కాగితానికి శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలని ఇప్పుడు చాలా ఆర్కైవులు చెబుతున్నాయి. తొడుగు వేసుకుంటే వేలికి స్పర్శ తెలియదు, అంచులు చిరుగుతాయి. తొడుగులు ఛాయాచిత్రాలకు, లోహపు వస్తువులకు. తుప్పు పట్టిన సూదులు మాత్రం మీరు లాగకండి. వాటిని తీయడం పాత కాగితాలను బాగుచేసే సంరక్షకుల పని, దానికి ఒక రోజు గౌరవ వేతనం పద్దులో పెట్టండి.

పాతప్రతులు

మాటలమూట గారూ, ఒక సూది నేను లాగాను. మొదటిసారి పెట్టె తెరిచినప్పుడు, కింద ఉన్న అక్షరాలు చూడాలన్న ఆత్రంలో. కాగితం అంగుళం మేర చిరిగింది. ఇప్పటికీ ఆ పేజీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. కుటుంబం నోటిమాటగా ఒప్పుకుంది, రాతపూర్వకంగా లేదు. ఈ వారమే వెళ్లి మాట్లాడతాను.

రెండోవరుస

మంచిది. ఈలోగా లెక్క కూడా వేయండి. కమిటీకి సమయం కనిపించేలా చేసేది లెక్క. పుస్తకానికి సగటున ఎన్ని పేజీలు?

పాతప్రతులు

సుమారు 100. అంటే మొత్తం 3,800 పేజీలు. తెరిచి ఉంచి రెండేసి పేజీలకు ఒక చిత్రం తీస్తే 1,900 చిత్రాలు. గంటకు 60 తీయగలం అనుకుంటే 32 గంటలు. ఒకరు పేజీ తిప్పాలి, ఒకరు కెమెరా చూడాలి కాబట్టి ఇద్దరికీ కలిపి 64. సూచిక తయారీకి పుస్తకానికి 4 గంటల చొప్పున 152. మొత్తం 216 గంటలు. ఇద్దరు విద్యార్థులు వారానికి పదేసి గంటలు చేస్తే 11 వారాలు.

మాటలమూట

కాగితం ముక్కలు గుచ్చిన పేజీలను రెండుసార్లు తీయాలి, ముక్క కిందికి ఉన్నప్పుడు ఒకసారి, పైకి ఎత్తి పట్టుకుని ఒకసారి. దానికి ఇంకో వారం కలపండి. నిల్వ కూడా మరిచిపోవద్దు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన ఒక టిఫ్ ఫైలు 72 ఎంబీ దాకా ఉంటుంది. 1,900 చిత్రాలంటే సుమారు 137 జీబీ. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే చోట. కుటుంబానికి ఒక కాపీ ఇస్తే ఆ వేరే చోటు అదే అవుతుంది, ఇవ్వడం న్యాయం కూడా.

రంగులగది

చర్చ పాత ప్రతుల మీద బాగా నడుస్తోంది. కళల విభాగం నుంచి నా గోడు కూడా వినండి. నేను శిల్ప కళ బోధిస్తాను. నా పరిశోధన ఫలితం ఒక ప్రదర్శన. దరఖాస్తు ఫారంలో మాత్రం "ప్రచురించబోయే జర్నల్ పేరు, దాని ఇంపాక్ట్ ఫాక్టర్" అని ఒక గడి ఉంది, నింపకపోతే ఫారం ముందుకు వెళ్లదు. మొదటి ఏడాది అక్కడ సున్నా వేశాను. సున్నాకు సున్నా మార్కులే వచ్చాయి.

ఇంపాక్ట్ ఫాక్టర్ అంటే ఒక జర్నల్ వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉల్లేఖించారో చెప్పే అంకె. అది అసలు ఎందుకు పుట్టింది? ఏ జర్నళ్లు తెప్పించుకోవాలో గ్రంథాలయాలు తేల్చుకోవడానికి అక్కరకొచ్చిన కొలత అది. దాంతో మనిషి పనిని తూచడం తప్పని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో శాస్త్ర పత్రికల సంపాదకులు, ప్రచురణకర్తలే ఒక ప్రకటన తయారుచేశారు, డోరా అంటారు. మన విభాగాల్లో చాలా పత్రికలకు ఆ అంకె ఉండనే ఉండదు. మానవీయ శాస్త్రాల్లో ఒక పుస్తకానికి గుర్తింపు రావడానికే పదేళ్లు పడుతుంది. రెండేళ్ల ఉల్లేఖనాల లెక్కతో దాన్ని ఎలా కొలుస్తారు?

రెండో ఏడాది డీన్‌ను కలిసి అడిగాను. ఆ గడి బదులు ఒక పేజీ వివరణ జతచేసుకోనిచ్చారు. ప్రదర్శన ఎక్కడ, ఎంపిక చేసేది ఎవరు, పని ప్రక్రియను ఎలా నమోదు చేస్తాను, పూర్తయ్యాక ఆ నమోదు ఎక్కడ ఉంటుంది, ఇవన్నీ రాశాను. ప్రతి నెలా చివరి రోజు శిల్పాన్ని ఒకే కోణంలో ఫోటో తీసి, ఆ నెల ఏం విఫలమైందో నాలుగు వాక్యాలు రాసి పెట్టాను. చివరి నివేదికలో ఎక్కువ ప్రశ్నలు ఆ వైఫల్యాల మీదే వచ్చాయి, అన్నీ మంచి ప్రశ్నలే. ఈ వెసులుబాటు నాకు ఒక్కదానికే దొరికితే సరిపోదు. ఫారం మారాలి. అందరం కలిసి అడగాలి.

తాత్కాలిక_అధ్యాపకురాలు

ఇన్ని సలహాలు చదివాక ఒకటి అడగాలనిపించింది. నేను ఒప్పంద పద్ధతిలో ఐదేళ్లుగా పనిచేస్తున్నాను. అంతర్గత గ్రాంటుకు శాశ్వత అధ్యాపకులే అర్హులని మా దగ్గర నిబంధన. నేను పరిశోధన చేస్తేనే శాశ్వత ఉద్యోగానికి పోటీ పడగలను. నిధి కావాలంటే ముందు శాశ్వత ఉద్యోగం ఉండాలి. నాలాంటివారికి దారి ఏది?

పద్దుపుస్తకం

అమ్మా, మీ విశ్వవిద్యాలయం నిబంధనల్లో "సహ పరిశోధకులు" అనే మాట ఉందేమో చూడండి. చాలాచోట్ల ప్రధాన పరిశోధకుడికే శాశ్వత ఉద్యోగం అడుగుతారు. సహ పరిశోధకులకు ఆ షరతు ఉండదు. గ్రాంటు కాలం మీ ఒప్పంద కాలం దాటకుండా ఉంటే అభ్యంతరాలు తక్కువ. అయితే చేరేముందే, వ్యాసంలో పేరు ఏ వరుసలో, సామగ్రి మీద హక్కు ఎవరికి అన్నది కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద నమ్మకంతో పనంతా చేసి చివరికి ధన్యవాదాల పేజీకి చేరినవారు ఉన్నారు.

నీలిసిరా

నిబంధనే అన్యాయమైనప్పుడు పక్కదారి చూపించి ఊరుకోలేం. పద్దుపుస్తకం గారు చెప్పింది ఆచరణలో నిజం, కానీ తరగతుల్లో పెద్ద భాగం ఒప్పంద అధ్యాపకుల మీద నడిపిస్తూ పరిశోధన నిధి తలుపు వారికి మూసేయడం తప్పు. గ్రాంటులో కొంత భాగం వారికోసం విడిగా ఉంచమని అధ్యాపక సంఘాలు అడగాలి.

అసలు ఈ చిన్న నిధుల కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, బయటి నిధి ఎప్పుడు ఏమవుతుందో తెలియదు. అమెరికాలో 1965లో చట్టం ద్వారా ఏర్పడిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ అనే ప్రభుత్వ నిధి సంస్థ 2025 ఏప్రిల్‌లో వెయ్యికి పైగా గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. సగం స్కాన్ చేసిన పేజీలు, సగం రాసిన నిఘంటువులు అలాగే ఆగిపోయాయి. అలాంటి రోజున సొంత సంస్థలో ఉన్న చిన్న నిధే ఆధారం.

సొంత నిధి ఎక్కడినుంచి వస్తుందన్న దానికి నాకు ఇష్టమైన ఉదాహరణ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం. అక్కడ హ్యారీ స్టీన్‌బాక్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఆహార పదార్థాల మీద అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి విటమిన్ డి పెంచే పద్ధతి కనిపెట్టారు. ఆ పేటెంటు మీద వచ్చే ఆదాయాన్ని విశ్వవిద్యాలయ పరిశోధనకు మళ్లించడానికి 1925లో వార్ఫ్ అనే ఫౌండేషన్ ఏర్పడటానికి ఆయనే ప్రధాన కారకులు. ఆ ఫౌండేషన్ ఇచ్చే నిధుల్లోంచి నేటికీ అక్కడి అధ్యాపకులకు అంతర్గత పోటీ ద్వారా గ్రాంట్లు అందుతున్నాయి, కళలు, మానవీయ శాస్త్రాల వారికి కూడా. పిల్లల ఎముకల్ని రికెట్స్ నుంచి కాపాడిన ఆవిష్కరణతో మొదలైన నిధి కవిత్వం మీద పనిచేసేవారి దాకా వచ్చింది. శాస్త్ర విభాగాల ఆదాయంలో మాకు వాటా ఎందుకని సంకోచించే మనవాళ్లకు ఇది చెబుతుంటాను.

ప్రయోగశాల_మిత్రుడు

ఈ సంగతి నాకు తెలియదు. మా కమిటీ తర్వాతి సమావేశంలో ప్రస్తావిస్తాను.

ఒక్కటి అడుగుతాను. నలభై దరఖాస్తుల్లో ఐదు గొప్పవి, పది బలహీనమైనవి సులువుగా తేలిపోతాయి. మధ్యలోని పాతికలో ఎవరికి ఇవ్వాలన్నది మాకు నరకం. ఒకరి మార్కు 71, ఇంకొకరిది 70. ఆ ఒక్క మార్కులో నిజంగా ఏమీ లేదని మాకు తెలుసు.

నీలిసిరా

బ్రిటిష్ అకాడమీ దీనికి ఒక మార్గం పట్టింది. మానవీయ, సామాజిక శాస్త్రాలకు 10,000 పౌండ్ల దాకా ఇచ్చే చిన్న గ్రాంట్లలో 2022లో పాక్షిక లాటరీ మొదలుపెట్టింది. నాణ్యత హద్దు దాటిందా లేదా అని నిపుణులు చూస్తారు. దాటినవాటిలో ఎవరికి అన్నది చీటీ తేలుస్తుంది. జర్మనీలో వోక్స్‌వాగన్ ఫౌండేషన్ కూడా ఒక పథకంలో ఇలాంటిదే ప్రయత్నించింది.

రెండోవరుస

నేను దీనికి ఒప్పుకోలేను. చీటీ తీసేస్తే తిరస్కరణకు కారణం రాయాల్సిన బాధ్యత కమిటీకి పోతుంది. పాతప్రతులు గారికి ఇప్పుడు వచ్చిన రెండు వాక్యాలు ఎంత పొట్టివైనా, వాటిని పట్టుకునే ఇక్కడ ఇంత చర్చ జరిగింది. "మీకు చీటీ రాలేదు" అంటే ఏం దిద్దుకుంటారు?

నీలిసిరా

నాణ్యత హద్దు దగ్గర వ్యాఖ్యలు రాయవచ్చు కదండీ. హద్దు దాటారని తెలిస్తే తిరస్కరణ వచ్చినా మనిషి కుంగిపోడు. పనిలో లోపం లేదని తెలుస్తుంది, మళ్లీ అదే పెడతాడు. నాకు రెండోసారి వచ్చిన తిరస్కరణ తర్వాత ఏడాది పాటు ఆ ఫైలు తెరవలేదు.

రెండోవరుస

ఆ మాట కాదనలేను. అయినా కారణం రాసే అలవాటు పోకూడదనే నా పట్టు.

పాతప్రతులు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మొదటి పేరా తిరగరాశాను. చూసి చెప్పండి.

"ఒక సంచార నాటక సమాజం ప్రాంప్టర్లు వాడిన 38 చేతిరాత పుస్తకాలు ఒక కుటుంబం దగ్గర రెండు రేకు పెట్టెల్లో ఉన్నాయి. నాటకం ఏ రాత్రి ఎక్కడ కుదించారో, ఎక్కడ పొడిగించారో ఈ పుస్తకాల అంచుల్లో తేదీలతో సహా ఉంది. అచ్చు ప్రతుల్లో ఈ సమాచారం లేదు. తుప్పు పట్టిన సూదుల వల్ల కనీసం తొమ్మిది పుస్తకాల్లో అక్షరాలు పోతున్నాయి. ఈ గ్రాంటుతో 12 వారాల్లో అన్ని పుస్తకాలను ఛాయాచిత్రాలుగా భద్రపరచి, వివరణాత్మక సూచిక తయారుచేసి, ఆరు పుస్తకాల్లోని అంచు రాతలను పూర్తిగా ఎత్తిరాస్తాం."

సిద్ధాంత చర్చ ఇప్పుడు మూడో పేజీలో అర పేజీ. కుటుంబం రాతపూర్వక అనుమతి ఇచ్చింది. పుస్తకాలు ఇల్లు దాటకూడదన్నది ఒక్కటే వారి షరతు.

ప్రయోగశాల_మిత్రుడు

నాకు మొదటిసారికే అర్థమైంది. ఇదైతే పేజీ తిప్పి చదువుతాను.

రంగులగది

"భద్రపరచి" అన్నచోట ఎక్కడ భద్రపరుస్తారో కూడా రాయండి. గ్రంథాలయం పేరు చెప్పి, గ్రంథపాలకుల ఉత్తరం జతచేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది.

పాతప్రతులు

ఐదు నెలలు గడిచాయి. మంజూరైంది. అడిగిన మొత్తంలో సుమారు మూడో వంతు కోసేశారు. తరగతి తగ్గింపు మాత్రం, విభాగాధిపతి ఉత్తరం ఉన్నందువల్ల, అలాగే ఉంచారు. ఆ కోతకు తగ్గట్టు ఎత్తిరాసే పుస్తకాలను ఆరు నుంచి నాలుగుకు తగ్గించాను. మా విభాగంలోనే ఒప్పంద పద్ధతిలో ఉన్న ఒక అధ్యాపకురాలు సహ పరిశోధకురాలిగా ఉన్నారు. పేర్ల వరుస ముందే రాసుకున్నాం. హాజరు పట్టీ రోజూ నింపుతున్నాం, పద్దుపుస్తకం గారూ.

కిందటి శనివారం ఆ ఇంట్లోనే వరండాలో స్టాండు బిగించి మొదటి పుస్తకం తీశాం. 112 పేజీలు. సంరక్షకులు వచ్చి ఏడు సూదులు తీశారు. ఒక్కో సూదికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను చింపిన పేజీని పల్చని జపనీయ కాగితంతో లోపలివైపు నుంచి అతికించారు, అక్షరాలు పోలేదు. ఒక సూది కింద దాగిన ముక్క మీద ప్రాంప్టరు ఇలా రాసుకున్నాడు: "దీపం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఈ మాటలు రెండోసారి చెప్పించాలి." ఆ సన్నివేశంలో కథానాయిక విలాపం ఒకే రాత్రి రెండుసార్లు వినిపించిందన్నమాట.

ఒక సహాయం కావాలి. మూడో దస్తూరి ఉన్న పుస్తకాల్లో కొన్ని వాక్యాల ముందు ఆకుపచ్చ పెన్సిలుతో చిన్న అర్ధచంద్రం గుర్తు ఉంది. పాట మొదలయ్యే చోటు కాదు, పాత్ర ప్రవేశించే చోటు కాదు. ఎర్ర కోతలతోనూ సంబంధం కనిపించడం లేదు. ప్రాంప్టరు పుస్తకాలు చూసినవారు ఎవరైనా ఉంటే అదేమిటో చెప్పగలరా?